ఆత్మీయుల కోసం ఆగని ప్రార్థన

ఉపవాస కూటంలో ప్రార్థనావసరతలు చెప్పమన్నప్పుడు మన సంఘాల్లో తరచూ వినబడే మనవి ఒకటుంది: "మా ఆయన మారుమనసు కోసం ప్రార్థించండి." కొడుకు కోసం, అన్న కోసం అడిగేవాళ్లూ ఉంటారు. ఈ మనవికి క్రైస్తవ సంఘానికున్నంత వయసుంది. దాని చరిత్ర తరచి చూస్తే, ఓర్పుతో సాగిన ప్రార్థన ఇళ్లను నిలబెట్టిందనీ, ఓర్పు నశించి బలవంతం మొదలైన చోట విశ్వాసానికే మచ్చ వచ్చిందనీ తెలుస్తుంది.

మొదటి శతాబ్దపు కొరింథులో దంపతుల్లో ఒక్కరే విశ్వాసంలోకి వచ్చిన కుటుంబాలుండేవి. రెండోవారు కలిసి కాపురం చేయడానికి ఇష్టపడితే విడిచిపెట్టవద్దని పౌలు రాశాడు. తన సొంత జనం రక్షణ కోసం తాను దేవుణ్ణి వేడుకుంటున్నట్టు రోమీయులకు రాసిన పత్రికలో చెప్పుకున్నాడు. న్యాయాధిపతిని వదలకుండా అడిగిన విధవరాలి ఉపమానం, లూకా సువార్త 18వ అధ్యాయంలోనిది, ఈ పట్టుదలకు ఆధారమైంది.

ఆ పట్టుదలకు నిలువెత్తు సాక్ష్యం నాలుగో శతాబ్దపు ఉత్తర ఆఫ్రికాలో, తగాస్తే పట్టణంలో కనిపిస్తుంది. పునీత మోనికమ్మ భర్త పట్రీషియస్ ముక్కోపి, క్రైస్తవుడు కాడు. ఆమె ఆయనతో వాదానికి దిగకుండా నడతతోనే సాక్ష్యమిచ్చింది. ఆయన చనిపోవడానికి కొద్దికాలం ముందు బాప్తిస్మం తీసుకున్నాడు. కొడుకు అగస్టీను 19 ఏళ్ల వయసులో, వెలుగు చీకటి శక్తుల పోరాటాన్ని బోధించే మానీ మతంలో చేరినప్పుడు మాత్రం ఆమె తట్టుకోలేక, కొంతకాలం అతణ్ణి ఇంట్లో భోజనానికి కూడా కూర్చోనివ్వలేదు. తర్వాత ఒక కల ధైర్యమిచ్చాక మళ్లీ దగ్గరికి తీసుకుంది. కొడుకుతో వాదించి ఒప్పించమని ఒక బిషప్‌ను బతిమాలింది. బాల్యంలో తానూ మానీ మతంలో పెరిగిన ఆ బిషప్, అతణ్ణి ఊరికే వదిలేసి ప్రార్థన మాత్రం మానవద్దన్నాడు. ఈ చరిత్రలో అంతకన్నా విలువైన సలహా లేదు.

383లో అగస్టీను తల్లికి అబద్ధం చెప్పి రాత్రికి రాత్రే రోముకు ఓడ ఎక్కాడు. ఆ రాత్రి ఆమె అతని ప్రయాణం ఆగాలనే ప్రార్థించింది. తల్లి ఆ రాత్రి అడిగింది దొరకనందువల్లే ఆమె ఎప్పుడూ అడుగుతున్నది దొరికిందని అతడు తర్వాత 'ఒప్పుకోళ్లు' గ్రంథంలో రాసుకున్నాడు. మిలాన్‌లో బిషప్ అంబ్రోజు ప్రసంగాలు అతణ్ణి కదిలించాయి. 387 ఈస్టరుకు అంబ్రోజు చేతుల మీదుగా బాప్తిస్మం పొందాడు. అదే ఏడాది ఓస్తియాలో, 56వ ఏట, మోనికమ్మ కన్నుమూసింది. ఆమె పండుగ ఇప్పుడు ఆగస్టు 27, కొడుకు పండుగకు ముందు రోజు.

అయితే తల్లి ఓర్పు ఫలమైన ఆ కొడుకే, బిషప్ అయ్యాక, సంఘం నుంచి చీలిపోయిన దోనతు వర్గాన్ని తిరిగి సంఘంలోకి తేవడానికి రాజశాసనాల ఒత్తిడిని సమర్థించాడు. జీవితం చివర్లో రాసిన గ్రంథంలో మాత్రం, అవిశ్వాసుల కోసం సంఘం ప్రార్థిస్తోందంటే విశ్వాసం దేవుడిచ్చే వరమనే కదా అని వాదించాడు. వరమే అయితే దాన్ని దండనతో ఇప్పించడం ఎవరి తరం? ఈ ప్రశ్నను సంఘం శతాబ్దాలపాటు దాటవేసింది. గుడ్ ఫ్రైడే ఆరాధనలో యూదుల కోసం చేసే లాటిన్ ప్రార్థనలోనే వాళ్లను కించపరిచే మాట ఉండేది. 1959లో పోప్ 23వ జాన్ దాన్ని తీసేయించారు. విశ్వాస విషయంలో ఎవరినీ బలవంతపెట్టరాదని రెండో వాటికన్ మహాసభ 1965లో ప్రకటించింది.

ఈలోగా 19వ శతాబ్దం ఈ ప్రార్థనకు కొత్త ఊపిరి పోసింది. 1849లో హడ్సన్ టేలర్ అనే 17 ఏళ్ల ఆంగ్ల యువకుడి కోసం తల్లి, చెల్లెలు పట్టుబట్టి ప్రార్థించారు. అతడు మారుమనసు పొంది, తర్వాత చైనాకు మిషనరీగా వెళ్లాడు. బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్ 1844లో ఐదుగురి కోసం ప్రార్థన మొదలుపెట్టాడు. ముగ్గురు కొన్నేళ్లలోనే మారారు. 36 ఏళ్లు గడిచినా మిగతా ఇద్దరూ మారలేదని ఆయనే చెప్పాడు, ప్రార్థన మాత్రం ఆపలేదు. నా దృష్టిలో ఆ ముగ్గురి కథ కన్నా ఈ ఇద్దరి కోసం సాగిన ప్రార్థనే గొప్పది.

ఇంట్లో ఒంటరిగా మోకరించే అక్కలకు, అమ్మలకు నా మనవి ఇదే. ప్రార్థన మానకండి. అన్నం దగ్గర వాదన పెట్టుకోకండి. అవతలివారు ఎన్నటికీ మారకపోయినా వారి మీద ప్రేమ తగ్గనివ్వకండి.