బరువు తగ్గించే ఆపరేషన్ తర్వాత జీర్ణ సమస్యలు, తిండి

పొట్టను చిన్నది చేసి, లేదా పేగుల దారి మళ్లించి ఊబకాయాన్ని తగ్గించే శస్త్రచికిత్సను బేరియాట్రిక్ సర్జరీ అంటారు. ఆ తర్వాత మనిషి తినే తీరూ, తిన్నది అరిగే తీరూ మారిపోతాయి. వాంతులు, పుల్లని త్రేన్పులు, డంపింగ్, నీళ్ల విరేచనాలు, మలబద్ధకం, పిత్తాశయంలో రాళ్లు, విటమిన్ల లోపం ఎక్కువగా కనిపించే ఇబ్బందులు. ఈ లోపాలను సరిదిద్దే విటమిన్ల చరిత్రలో ఆంధ్ర తీరానికి పెద్ద వాటా ఉంది. ఈ రోగులకు తప్పనిసరిగా ఇచ్చే బీ1 విటమిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన శాస్త్రవేత్త నెల్లూరులో పుట్టారు. ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసిన బృందాన్ని నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇక సూర్యలంక, బాపట్ల, రేపల్లె, తెనాలి వాసులకు ఆపరేషన్ తర్వాతి తిండి మార్పు నేరుగా అన్నం కంచంతో ముడిపడినది.

అల్సర్ ఆపరేషన్ల నుంచి నేటి వరకు

1881 జనవరిలో వియన్నాలో థియోడర్ బిల్‌రాత్ ఒక కేన్సర్ రోగి పొట్టలో కొంత భాగం తీసేసి, మిగిలినదాన్ని పేగుకు కలిపి కుట్టారు. తర్వాతి దశాబ్దాల్లో పొట్ట పుండ్లకు కూడా ఇలాంటి ఆపరేషన్లు మామూలయ్యాయి. వాటితోపాటే ఒక కొత్త ఫిర్యాదు మొదలైంది. భోజనం చేసి లేవగానే చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం, కడుపులో మెలిపెట్టడం. 1913లో లండన్ వైద్యుడు ఆర్థర్ హర్ట్జ్ ఈ లక్షణాలను వర్ణించారు. 1922లో అమెరికా వైద్యుడు మిక్స్ దీన్ని డంపింగ్ అన్నారు. పొట్ట ఆపి, నూరి, కొద్దికొద్దిగా వదలాల్సిన ఆహారం ఒక్కసారిగా పేగులో పడిపోవడమే దీనికి కారణం.

బరువు తగ్గించడానికే చేసిన తొలి ఆపరేషన్లు పొట్టను ముట్టుకోలేదు. 1954లో మిన్నెసోటా సర్జన్లు క్రెమెన్, లిన్నర్ బృందం చిన్నపేగులో చాలా భాగాన్ని పక్కకు తప్పించిన పద్ధతిని ప్రకటించింది. తర్వాత ప్రచారంలోకి వచ్చిన రూపంలో పేగు పై భాగం నుంచి 14 అంగుళాలు, చివరి నుంచి 4 అంగుళాలు మాత్రమే పనిచేసేవి. దాదాపు 20 అడుగుల పేగు చేసే పని అడుగున్నర మీద పడింది. బరువు తగ్గింది కానీ ఆగని విరేచనాలు, మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లు, కీళ్ల నొప్పులు పట్టుకున్నాయి. కొందరికి కాలేయమే చెడిపోయింది. 1980ల నాటికి సర్జన్లు దాన్ని వదిలేశారు.

దారి మార్చింది అయోవా విశ్వవిద్యాలయ సర్జన్ ఎడ్వర్డ్ మేసన్. పుండు కోసం పొట్ట కోయించుకున్నవాళ్లు మళ్లీ లావెక్కడం లేదని ఆయన గమనించారు. 1966లో చికాషి ఇటోతో కలిసి పొట్ట పై భాగాన్ని చిన్న సంచిగా వేరుచేసి నేరుగా చిన్నపేగుకు కలిపే గేస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టారు. 1994లో విట్‌గ్రోవ్, క్లార్క్ దాన్ని చిన్న కోతల గుండా, అంటే లాప్రోస్కోపీతో చేసిన అనుభవాన్ని ప్రచురించారు. 1997లో రాబర్ట్ రట్లెడ్జ్ పేగును ఒక్క చోటే కలిపే మినీ బైపాస్ ప్రారంభించారు. పొట్టలో సుమారు 80 శాతం తీసేసి సన్నని గొట్టంలా మిగిల్చే స్లీవ్ పద్ధతి 2000 తర్వాత వేగంగా వ్యాపించింది.

భారతదేశంలో ఒబేసిటీ సర్జరీ సొసైటీ 2002లో ఏర్పడింది. హైదరాబాద్‌లో సురేంద్ర ఉగాలే చిన్నపేగు చివరి భాగాన్ని పైకి మార్చి అమర్చే ఇలియల్ ఇంటర్‌పొజిషన్ ఆపరేషన్‌ను మధుమేహ రోగులకు చేసి ఫలితాలు ప్రచురించారు. అవసరమూ పెరుగుతూనే ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం మహిళలు, 31 శాతం పురుషులు అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు.

ఏ ఆపరేషన్‌కు ఏ ఇబ్బంది

స్లీవ్ తర్వాత ముఖ్యమైన ఫిర్యాదు గొంతులోకి ఎగదన్నే పులుపు. పొట్ట సన్నని గొట్టమై లోపల ఒత్తిడి పెరగడం వల్ల ఆమ్లం పైకి తంతుంది. ఆపరేషన్‌కు ముందే గుండెమంట బాగా ఉన్నవారికి చాలామంది సర్జన్లు బైపాస్ వైపు మొగ్గేది ఇందుకే. మినీ బైపాస్‌లో పైత్యరసం పొట్టలోకి ఎక్కి మంట పుట్టవచ్చు.

బైపాస్‌లో డంపింగ్ ఎక్కువ. తెనాలి బెల్లం జిలేబీ ఒకటి తిన్నారనుకుందాం. పాకం ఆగకుండా చిన్నపేగులోకి చేరుతుంది. ఆ చిక్కని తీపిని పలచన చేయడానికి రక్తంలోని నీరు పేగులోకి వస్తుంది. పది నిమిషాల నుంచి అరగంటలోపు ఒళ్లు చెమర్చి, గుండె దడదడలాడి, విరేచనానికి పరుగెత్తాల్సి వస్తుంది. ఒకటి నుంచి మూడు గంటల తర్వాత రెండో దెబ్బ తగలవచ్చు. తీపికి స్పందించి ఇన్సులిన్ ఎక్కువగా ఊరడం వల్ల రక్తంలో చక్కెర పడిపోయి చేతులు వణుకుతాయి, కళ్లు మసకబారతాయి. బెల్లం మంచిది, పంచదార చెడ్డది అన్న తేడా ఇక్కడ పనికిరాదు.

బరువు వేగంగా తగ్గే మొదటి నెలల్లో పిత్తాశయంలో రాళ్లు ఏర్పడతాయి. వాటిని అడ్డుకోవడానికి ఆరు నెలలపాటు అర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లం ఇవ్వడం వాడుకలో ఉంది. బైపాస్‌లో కొత్తగా కలిపిన చోట పుండు పడవచ్చు. పొగతాగడం, ఒళ్లునొప్పులకు కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు దానికి పెద్ద కారణాలు. కొందరికి పాలు పడవు. నూనె ఎక్కువైతే జిడ్డు విరేచనాలు అవుతాయి. బైపాస్ అయిన ఏళ్ల తర్వాత హఠాత్తుగా వచ్చే తీవ్రమైన కడుపునొప్పి పేగు లోపలి సందులో ఇరుక్కున్నదానికి గుర్తు కావచ్చు. దాన్ని గ్యాస్ అనుకుని ఊరుకుంటే ప్రాణాపాయం.

తీరప్రాంతపు పాత జబ్బు

ఈ తీరం ఒకప్పుడు బెరిబెరికి పేరుమోసింది. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, చివరికి గుండె ఆగే ఆ జబ్బుపై మద్రాసు సైనిక వైద్యుడు జాన్ గ్రాంట్ మాల్కంసన్ 1835లో ప్రత్యేక గ్రంథం ప్రచురించారు. ఉత్తర సర్కారులుగా పిలిచిన ఈ తీరప్రాంతంలో జబ్బు తీవ్రత అందులో వివరంగా ఉంది. కారణం బయటపడడానికి దశాబ్దాలు పట్టింది. బాగా దంపి, మరపట్టి, తవుడు పోగొట్టిన పచ్చి బియ్యమే తింటే బీ1 విటమిన్ అందదు. ఉప్పుడు బియ్యం తినేవారిలో జబ్బు తక్కువ. 1940 ప్రాంతంలో కూనూరు పోషకాహార ప్రయోగశాలకు చెందిన ఏక్రాయిడ్ బృందం ఇదే తీరంలో బెరిబెరిని, శిశుమరణాలను పరిశీలించింది.

నెల్లూరులో 1886లో బాప్టిస్టు మిషనరీ కుటుంబంలో పుట్టిన రాబర్ట్ విలియమ్స్ మనీలాలో ఉద్యోగం చేస్తూ బెరిబెరి వచ్చిన పసిబిడ్డలకు తవుడు సారం ఇస్తే వారు కోలుకోవడం చూశారు. ఆ సారంలో ఉన్నదేమిటో తేల్చడానికి పావు శతాబ్దం వెచ్చించి, 1936లో బీ1 విటమిన్ అయిన థయమిన్‌ను కృత్రిమంగా తయారుచేశారు.

ఆ పాత జబ్బే ఇప్పుడు ఆపరేషన్ గదుల దారిన తిరిగి వస్తోంది. శరీరంలో థయమిన్ నిల్వ రెండు మూడు వారాలకు మించి చాలదు. ఆపరేషన్ తర్వాత వాంతులు ఆగకపోతే ఆ నిల్వ ఖాళీ అవుతుంది. అరికాళ్ల మంట, నడకలో తూలడం, ఒకటి రెండుగా కనబడటం, మతిమరుపు మొదలవుతాయి. వైద్యులు దీన్ని బేరియాట్రిక్ బెరిబెరి అంటారు. ఈ స్థితిలో నీరసం తగ్గుతుందని ముందుగా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్త థయమిన్ కూడా ఖర్చయి మెదడు దెబ్బతింటుంది. ముందు థయమిన్ ఇంజెక్షన్, ఆ తర్వాతే గ్లూకోజ్.

సుబ్బారావు సంగతి కూడా పేగుతో ముడిపడినదే. తిన్నది ఒంటబట్టనివ్వని స్ప్రూ వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలి తీసుకుంది. ఆయన బృందం 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం స్ప్రూకు మందయింది. ఆపరేషన్ తర్వాత ఫోలిక్ ఆమ్లంతోపాటు బీ12, ఇనుము, విటమిన్ డి, కాల్షియం జీవితాంతం కావాలి. ఆమ్లం తగ్గిన పొట్టలో సిట్రేట్ రూపంలోని కాల్షియం బాగా ఒంటబడుతుంది. ఇనుము మాత్రకూ దానికీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి.

కంచంలో మార్పు

మొదటి రెండు వారాలు ద్రవాలే: వడకట్టిన పెసరకట్టు, పలచని మజ్జిగ, నూనె లేని చారు, ప్రొటీన్ పొడి కలిపిన నీళ్లు. తర్వాత మెత్తగా మెదిపిన పప్పు, గుడ్డు, పెరుగు. నెల దాటాక మెత్తని ఇడ్లీ, ఉడికిన కూరలు, ముల్లు తీసిన చేప. మామూలు భోజనానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. భోజనంతోపాటు నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. దాహం వేసేదాకా ఉండకుండా రోజంతా గుక్కగుక్కగా తాగాలి.

అసలు పరీక్ష అన్నంతోనే. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం విడుదల చేసిన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, ఈ ప్రాంతపు ఇంటింటి బియ్యం. దాన్ని మెత్తగా వండి కలిపి ముద్ద చేస్తే, నోట్లో నమలకుండానే జారిపోతుంది. బైపాస్ తర్వాత 30 మిల్లీలీటర్లే పట్టే పొట్టలో అది ఉండలా అడ్డుపడి, ఛాతీ మధ్య బరువుగా నొప్పి లేచి, నోట్లో నురగ ఊరి, చివరికి వాంతి అవుతుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి అభివృద్ధి చేసి 2008లో విడుదల చేసిన మెరుగైన సాంబ మసూరి గ్లైసీమిక్ సూచీ 51 దగ్గర ఉంది. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగకుండా అది సాయపడుతుంది. అయితే పరిమాణం మాత్రం గుప్పెడు దాటకూడదు.

అన్నం తగ్గిన చోటును నింపడానికి ఈ తీరంలో మంచి ప్రత్యామ్నాయం ఉంది. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. వంద గ్రాముల చేపలో సుమారు 20 గ్రాములు ఉంటుంది. నిజాంపట్నం హార్బరు నుంచి వచ్చే చందువ, పండుగప్ప మాంసం మెత్తన కాబట్టి ముందు వాటితో మొదలుపెట్టడం మేలు. రొయ్య సాగుతుంది, చిన్న ముక్కలు చేసి బాగా నమలాలి. సూర్యలంకలో వారాంతంలో అందరూ ఇష్టపడే వేపుళ్ల కంటే తక్కువ నూనెతో చేసిన పులుసు నయం. పులుసులోని ముక్క ముందు తిని, తర్వాత కూర, చివర్లో చోటుంటే రెండు ముద్దల అన్నం: ఇదీ వరస. ఇంట్లో అందరికీ ముందు అన్నం వడ్డించే అలవాటున్నచోట ఈ వరసను తల్లి, భార్య, కోడలు కూడా తెలుసుకోవాలి.

ఆపరేషన్లు ఎక్కువగా గుంటూరు, విజయవాడ, హైదరాబాద్‌లలో జరుగుతాయి. ఇబ్బంది వచ్చినప్పుడు మొదట చేరేది మాత్రం బాపట్ల, రేపల్లె, తెనాలిలోని దగ్గరి ఆస్పత్రికే. అందుకే ఏ ఆపరేషన్ అయింది, ఎప్పుడు అయింది, ఏ నొప్పి మాత్రలు ఇవ్వకూడదు, వాంతులైతే గ్లూకోజ్‌కు ముందు థయమిన్ ఇవ్వాలన్న నాలుగు మాటలు రాసిన కార్డు రోగి జేబులో ఉండాలి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి చేయించే రక్తపరీక్షల ఫలితాలనూ దానితో జతచేసి ఉంచుకోవాలి.