లినక్స్‌లో పరికరాల పేర్ల కథ

2007లో ఫెడోరా 7కు మారిన కొందరికి ‘హెచ్‌డీఏ’గా ఉన్న హార్డ్‌డిస్కు ‘ఎస్‌డీఏ’గా దర్శనమిచ్చింది. డిస్కు అదే. దాన్ని నడిపే డ్రైవరు మారింది, దాంతో పేరూ మారింది. పాత పేరుతో రాసుకున్న సెట్టింగులన్నీ పనికిరాకుండా పోయాయి.

మొదట్లో లినక్స్ ‘డెవ్’ డైరెక్టరీలో పరికరం ఉన్నా లేకున్నా వేలకొద్దీ ఫైళ్లు ముందే సృష్టించి పెట్టేవారు. రిచర్డ్ గూచ్ రాయగా 2000లో లినక్స్ కెర్నెల్‌లో చేరిన డెవ్‌ఎఫ్‌ఎస్ ఉన్నవాటికే ఫైళ్లు చూపింది కానీ, పేర్ల పెత్తనం కెర్నెల్ చేతిలోనే ఉండిపోయింది. 2003లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఒట్టావా లినక్స్ సింపోజియంలో, ఆ పెత్తనాన్ని కెర్నెల్ బయటికి తెచ్చే యూడెవ్ ప్రోగ్రాంను వివరించారు. ఫలానా పరికరం వచ్చిందని కెర్నెల్ కబురు చెబుతుంది. దానికేం పేరు పెట్టాలో రూల్సు ఫైళ్లు తేలుస్తాయి. మంచి ఏర్పాటే. కాకపోతే పేర్ల తగవు కెర్నెల్‌లోంచి రూల్సులోకి మారింది. రూల్సు రాసే మాటలు కూడా పోనుపోను మారాయి: ‘సిస్‌ఎఫ్‌ఎస్’ అని రాసేచోట ‘ఏటీటీఆర్‌ఎస్’ అనాల్సి వచ్చింది. ‘డెవ్’లోని ఫైలు అసలు పేరును మార్చే వీలు పోయి, పక్కన ‘సిమ్‌లింక్’గా మారుపేరు తగిలించడమే మిగిలింది. అప్‌డేట్ తర్వాత పాత రూలు పలక్కపోతే ముందు చూడాల్సింది ఈ మాటలనే.

అలాంటి రూలు ఎక్కడ అవసరమో ఒక ఉదాహరణ చూద్దాం. పలాసలో జీడిపిక్కల బస్తా అంటే 80 కిలోలు. ఆ తూకాన్ని కాటా నుంచి నేరుగా కంప్యూటరుకు ఎక్కించడానికి చవక యూఎస్‌బీ-సీరియల్ కేబులు పెట్టారనుకుందాం. అందులో ఉండేది తరచుగా సీహెచ్340 చిప్పు. చాలా వాటికి విడి సీరియల్ నంబరు ఉండదు, గుర్తింపు సంఖ్య మాత్రం అన్నిటికీ ఒకటే. అంటే అది చిప్పు గుర్తు, కాటా గుర్తు కాదు. అలాంటి కేబుళ్లు రెండుంటే, ఏది ఏ పోర్టులో ఉందో చూసి రూలు రాయడం ఒక్కటే దారి.

2022లో ఉబుంటు 22.04 వచ్చాక ఇలాంటి కేబులు పెట్టగానే ‘డెవ్’లో దాని పేరైన ‘టీటీవైయూఎస్‌బీ0’ ఒక్క క్షణం కనబడి మాయమైంది. చూపులేనివారి బ్రెయిలీ పరికరాన్ని నడిపే బీఆర్‌ఎల్‌టీటీవై ప్రోగ్రాం దాన్ని లాక్కుంది. ఒక బ్రెయిలీ పరికరం కూడా అదే చిప్పు వాడుతుంది మరి! ‘డీమెసేజ్’ ఆదేశమిస్తే ఆ ప్రోగ్రాం పేరు తెరమీదే కనిపిస్తుంది. చాలామంది దాన్ని తీసేసి ఊరుకున్నారు. అది మొరటు వైద్యం. ఆ ప్రోగ్రాం రూల్సు ఫైలును అదే పేరుతో ‘ఈటీసీ’ కింది యూడెవ్ రూల్సు డైరెక్టరీలోకి నకలు తీసి, ఈ చిప్పు సంఖ్య ఉన్న వరుసనొక్కదాన్నే ఆపితే చాలు. ఒకే పేరుతో రెండుంటే యూడెవ్ ‘ఈటీసీ’లోదాన్నే చదువుతుంది కనుక, తర్వాతి అప్‌డేట్ దాన్ని చెరపదు.