రీలోడింగ్: తూటా మెడ పట్టు ఎంత ఉండాలి? డై సెట్టింగ్‌లో చాలామంది పొరబడేది ఇక్కడే!

అమెరికాలో టార్గెట్ షూటర్లు, వేటగాళ్లు చాలామంది పేల్చేసిన తూటాల ఖాళీ ఇత్తడి కేస్‌లను పారేయరు. శుభ్రం చేసి, కొత్త ప్రైమర్, మందు, బుల్లెట్ అమర్చి మళ్లీ వాడతారు. దీన్నే రీలోడింగ్ అంటారు. ఇందులో గురిని, భద్రతను రెండింటినీ తేల్చే చిన్న విషయం ఒకటుంది. అదే నెక్ టెన్షన్.. అంటే కేస్ మెడ బుల్లెట్‌ను పట్టుకునే బిగువు.

అసలేంటిది?

పేల్చినప్పుడు కేస్ మెడ వ్యాకోచిస్తుంది. మళ్లీ బుల్లెట్ పట్టాలంటే సైజింగ్ డైతో దాన్ని నొక్కాలి. మెడ లోపలి కొలత బుల్లెట్ కన్నా కాస్త తక్కువ ఉంటేనే పట్టు దొరుకుతుంది. ఉదాహరణకు .308 విన్‌చెస్టర్ బుల్లెట్ వ్యాసం 0.308 అంగుళాలు. మెడ లోపల 0.306 ఉంటే టెన్షన్ 0.002 అంగుళాలన్నమాట. మిల్లీమీటర్లలో 0.05.. దాదాపు ఒక సన్నని వెంట్రుక మందం! సాధారణంగా 0.001 నుంచి 0.003 అంగుళాల మధ్య ఉంచుకుంటారు.

తేడా వస్తే ఏమవుతుంది?

పట్టు తక్కువైతే, సెమీ ఆటోమేటిక్ తుపాకీలో తూటా ఛాంబర్‌లోకి వెళ్లే దెబ్బకు బుల్లెట్ లోపలికి జారిపోవచ్చు. అప్పుడు మందుకు చోటు తగ్గి, పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. చిన్న పిస్టల్ తూటాల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ. ఇక ఒక్కో తూటాకు ఒక్కోలా పట్టు ఉంటే బుల్లెట్ వేగం మారుతూ గురి చెదురుతుంది.

డై తిప్పితే సరిపోతుందా?

సరిపోదు. కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. మామూలు ఫుల్ లెంగ్త్ డైని కిందకు తిప్పితే మారేది కేస్ భుజం స్థానం, మెడలో ఎంత పొడవు నొక్కుడు పడుతుందన్నది మాత్రమే. మెడ వ్యాసం మారదు. డై మరలు అంగుళానికి 14 ఉంటాయి. ఒక్క చుట్టు తిప్పితే డై దాదాపు 0.071 అంగుళాలు దిగిపోతుంది. అందుకే కొంచెం కొంచెంగా తిప్పుతూ భుజాన్ని కొలుచుకోవాలి.

మరి పట్టును మార్చేదెలా?

మామూలు డైలో మెడను ముందు అవసరానికి మించి నొక్కుతుంది. తర్వాత కడ్డీ మీదున్న ఎక్స్‌పాండర్ గుండు బయటకు వస్తూ లోపలి కొలతను ఖరారు చేస్తుంది. కాబట్టి పట్టు చాలకపోతే కాస్త చిన్న ఎక్స్‌పాండర్, ఎక్కువైతే కాస్త పెద్దది పెట్టాలి. మెడ లోపల కందెన లేకపోతే ఆ గుండు లాగుడుకు మెడ సాగి వంకర పోతుంది.

బుషింగ్ డైలో పని ఇంకా తేలిక. బుల్లెట్ అమర్చిన తూటా మెడను బయట కొలవాలి. అది 0.336 అనుకుంటే, 0.002 టెన్షన్ కోసం 0.334 బుషింగ్ తీసుకోవాలి. ఇత్తడి నొక్కాక కాస్త వెనక్కి వస్తుంది కాబట్టి ఒక్కోసారి 0.333 పడుతుంది. మెడ మందం కేస్‌కూ కేస్‌కూ మారితే మాత్రం బయట కొలత సరిగ్గా ఉన్నా లోపల తేడా వచ్చేస్తుంది.

పాత కేస్‌లతో జాగ్రత్త

ఈ ఇత్తడిలో దాదాపు 70 శాతం రాగి, 30 శాతం జింక్ ఉంటాయి. పేల్చిన ప్రతిసారీ, నొక్కిన ప్రతిసారీ అది గట్టిపడుతూ పోతుంది. అందుకే నిన్నటి సెట్టింగే ఉన్నా, కొన్ని వాడకాల తర్వాత పట్టు మారిపోతుంది. మెడను మాత్రమే వేడిచేసి మెత్తబరిచే అనీలింగ్‌తో దీన్ని సరిచేస్తారు. కేస్ అడుగు భాగాన్ని మాత్రం ఎప్పుడూ వేడి చేయకూడదు. అది మెత్తబడితే పీడనానికి తట్టుకోలేదు.

పట్టు చాలట్లేదని క్రింప్‌ను మరీ బిగించడం కూడా తప్పే. మెత్తటి సీసపు బుల్లెట్ నలిగిపోతుంది, ఇత్తడి వెనక్కి వస్తుంది.. చివరకు పట్టు ఇంకా తగ్గుతుంది.

గుర్తుంచుకోండి

మందు, ప్రైమర్ లేని డమ్మీ తూటాతోనే డైని సెట్ చేయాలి. దాని పొడవు కొలిచి, బుల్లెట్‌ను బల్లకు గట్టిగా ఒత్తి మళ్లీ కొలవాలి. పొడవు తగ్గిందంటే పట్టు చాలదన్నట్టే. ఇక మన దేశంలో లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం. అమెరికా వీడియోలు చూసి ఇక్కడ ప్రయత్నిస్తే కటకటాలు తప్పవు.