అడెబాయో అకిన్‌ఫెన్వా

అడెబాయో అకిన్‌ఫెన్వా (జననం: 1982 మే 10, లండన్) ఇంగ్లండ్ దిగువ శ్రేణి లీగుల్లో పేరు మోసిన ఫుట్‌బాల్ స్ట్రైకర్. వాట్‌ఫర్డ్ యువ జట్టులో ఆట నేర్చి, 2001లో లిథువేనియాలోని అట్లాంటాస్ క్లబ్బుకు వెళ్లాడు. అక్కడ కొందరు ప్రేక్షకుల జాత్యహంకార దూషణలను కుర్రతనంలోనే భరించాడు. అయినా వెనుదిరగలేదు. స్వదేశం చేరాక 2003–04 సీజన్ ఒక్కదానిలోనే బోస్టన్ యునైటెడ్, లేటన్ ఓరియంట్, రష్డెన్, డాన్‌కాస్టర్‌లకు ఆడాడు. స్వల్పకాల ఒప్పందాలపై బతికే ఆటగాడికి ఊళ్లు మారడం తప్పదు.

తర్వాత టార్కీ, స్వాన్సీ, మిల్‌వాల్, నార్తాంప్టన్, గిలింగ్‌హామ్. వంద కిలోలు దాటిన దేహం అతని బలం. గోల్‌కు వీపు పెట్టి, డిఫెండర్‌ను కాచుకుంటూ, బంతిని సహచరులకు అందించడంలో అతనికి సాటి అరుదు. బరువు చూసి పెదవి విరిచినవారు ఆ నేర్పును గమనించలేదనే చెప్పాలి.

2006లో, పై లీగుకు చేర్చే ప్లేఆఫ్ ఫైనల్లో స్వాన్సీ తరఫున పెనాల్టీ పోగొట్టుకున్నాడు. పదేళ్లకు, 2016 మే 30న, వెంబ్లీలో మరో ప్లేఆఫ్ ఫైనల్లో, ఏఎఫ్‌సీ వింబుల్డన్ క్లబ్బుకు ఆడుతూ, చివరి నిమిషాల్లో పెనాల్టీ గోల్ కొట్టి 2–0 విజయాన్ని ఖాయం చేశాడు. జట్టు లీగ్ వన్‌కు ఎదిగింది. అప్పటికే క్లబ్బు అతన్ని వదులుకోవడానికి నిశ్చయించింది. తనకు పని కావాలని మ్యాచ్ ముగియగానే టీవీలోనే మేనేజర్లను అడిగాడు. వైకోంబ్ వాండరర్స్ చేర్చుకుంది. 2018లో లీగ్ వన్‌కు, 2020లో తొలిసారి దానికి పైనున్న చాంపియన్‌షిప్‌కు చేరిన ఆ జట్టులో అతనున్నాడు. 2022లో, నలభయ్యో ఏట, ఆట విరమించాడు.