పేరు చదవగానే లేచే హోరు

1934లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో స్టాన్ కోస్ట్కా అనే ఫుల్‌బ్యాక్ ఉండేవాడు. ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బర్ట్ బెల్ అతని మీద ఆశలు పెట్టుకున్నాడు. బెల్‌ది ఓటములు మరిగిన జట్టు, డబ్బు అంతంతమాత్రం. కోస్ట్కా కోసం జట్లు పోటీలు పడి ధర పెంచేశాయి. చివరికి అతను బ్రూక్లిన్ డాడ్జర్స్ అనే ఫుట్‌బాల్ జట్టుకు వెళ్ళిపోయాడు. బెల్ ఉత్త చేతులతో మిగిలాడు. గెలిచే జట్టుకు జనం వస్తారు, జనం వస్తే డబ్బు వస్తుంది, ఆ డబ్బుతో మంచి ఆటగాళ్ళంతా అక్కడికే చేరతారు. ఇలాగైతే కింద ఉన్నవాడు ఎప్పటికీ కిందే ఉంటాడని అతనికి అర్థమైంది.

ఆ రోజుల్లోనే అలబామా నుంచి వచ్చిన డాన్ హట్సన్ కోసమూ ఇలాంటి పోటీయే జరిగింది. అతను గ్రీన్ బే ప్యాకర్స్‌తోనూ, అదే బ్రూక్లిన్ జట్టుతోనూ ఒప్పందాల మీద సంతకాలు చేశాడు. ప్యాకర్స్ కాగితం మీద తపాలా ముద్ర 17 నిమిషాలు ముందు పడిందనీ, అందుకే వృత్తి జట్ల లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ అధ్యక్షుడు జో కార్ అతన్ని గ్రీన్ బేకు ఇచ్చాడనీ అంటారు. 1935 సీజన్లో షికాగో బేర్స్‌తో ఆడిన మ్యాచ్‌లో, ప్యాకర్స్ చేతికి బంతి వచ్చిన మొదటి ఎత్తుగడలోనే హట్సన్ 83 గజాల టచ్‌డౌన్ కొట్టాడు. మైదానం అంచున నిలబడి, పరుగు దారులను ముందే గీసుకుని, గాల్లోంచి వచ్చే బంతిని పట్టే పనిని ఒక విద్యగా మలచినవాడు అతనే. ఇవాళ్టి వైడ్ రిసీవర్ల వంశానికి మూలపురుషుడు. 1945లో ఆట మానేనాటికి అతను పట్టిన టచ్‌డౌన్లు 99. ఆ లెక్కను 1989లో స్టీవ్ లార్జెంట్ దాటేదాకా నాలుగు దశాబ్దాలకు పైగా ఎవరూ అందుకోలేదు.

1935 మే నెలలో బెల్ తన ప్రతిపాదనను తోటి యజమానుల ముందు పెట్టాడు. కళాశాల ముగించిన ఆటగాళ్ళందరి పేర్లూ ఒకచోట రాయాలి. కిందటేడు అట్టడుగున నిలిచిన జట్టు ముందుగా ఒకరిని ఎంచుకోవాలి. విజేత జట్టు చివరగా ఎంచుకోవాలి. ఎంచుకున్న ఆటగాడితో మాట్లాడే హక్కు ఆ ఒక్క జట్టుకే ఉంటుంది. ఈ పద్ధతే డ్రాఫ్ట్. దీనివల్ల ఎక్కువ నష్టపోయేవి షికాగో బేర్స్, న్యూయార్క్ జెయింట్స్. అయినా బేర్స్ అధినేత జార్జ్ హాలస్, జెయింట్స్ అధినేత టిమ్ మారా ఒప్పుకున్నారు. లీగంతా బతికితేనే తామూ బతుకుతామన్న వాళ్ళ ముందుచూపే ఆ ఆటను ఇవాళ్టి స్థాయికి చేర్చిందని నా నమ్మకం.

మనకు తెలిసిన ఐపీఎల్ వేలానికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. వేలంలో డబ్బు మాట్లాడుతుంది. డ్రాఫ్ట్‌లో వరుస మాట్లాడుతుంది. ఓడినవాడికి మొదటి వంతు దక్కుతుంది కాబట్టే, సీజనంతా ఏడిపించిన జట్టు అభిమాని కూడా ఇప్పుడు డ్రాఫ్ట్ జరిగే ఏప్రిల్ కోసం ఆశగా కాచుకుంటాడు.

మొదటి డ్రాఫ్ట్ 1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలోని రిట్జ్ కార్ల్‌టన్ హోటల్లో జరిగింది. తొమ్మిది జట్లు, నల్లబల్ల మీద సుమారు 90 పేర్లు, తొమ్మిది రౌండ్లు. ఆటగాళ్ళను వెతికి చూసి వచ్చే స్కౌట్ల వ్యవస్థ అప్పటికింకా లేదు. పత్రికల్లో చదివిందీ, తెలిసినవాళ్ళు చెప్పిందే ఆధారం. మొదటి వంతు బెల్‌దే. షికాగో విశ్వవిద్యాలయం ఆటగాడు జే బెర్వాంగర్‌ను ఎంచుకున్నాడు. జీతం ఇచ్చుకోలేనని తెలిసి అతని హక్కులను బేర్స్‌కు అప్పగించాడు. అక్కడా బేరం కుదరలేదు. బెర్వాంగర్ వృత్తి ఫుట్‌బాల్ ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఉద్యోగంలో చేరిపోయాడు. ఆ ఏడు ఈగిల్స్ ఒక్కటి గెలిచి పదకొండు ఓడింది. ఆ హోటల్ గదిలో అభిమాని అన్నవాడే లేడు. ఎవరికి ఎవరు దక్కారో తర్వాత పత్రికలో చూసుకోవాల్సిందే.

అభిమానిని ఆ గదిలోకి తెచ్చింది టెలివిజన్. 1980లో ఈఎస్‌పీఎన్ అనే క్రీడల ఛానల్ పెట్టి ఏడాది కూడా కాలేదు. రోజంతా చూపించడానికి ఏదో ఒకటి కావాలి. డ్రాఫ్ట్‌ను ప్రత్యక్షంగా ప్రసారం చేస్తామని దాని అధ్యక్షుడు చెట్ సిమన్స్ అడిగితే, ఎన్‌ఎఫ్‌ఎల్ కమిషనర్ పీట్ రోజెల్ ఆశ్చర్యపోయాడు. పేర్లు చదువుతుంటే కూర్చుని చూసేదెవరన్నది అతని సందేహం. 1980 ఏప్రిల్ 29, మంగళవారం ఉదయం, న్యూయార్క్ షెరటన్ హోటల్ నుంచి ప్రసారం మొదలైంది. మొదటి పేరు డెట్రాయిట్ లయన్స్ తీసుకున్న పరుగుల వీరుడు బిల్లీ సిమ్స్. రెండోది ఒక వైడ్ రిసీవర్‌ది. న్యూయార్క్ జెట్స్ తమకున్న రెండు మొదటి రౌండ్ వంతులను శాన్ ఫ్రాన్సిస్కోకు ఇచ్చి మరీ ముందుకు జరిగి, 1976 ఒలింపిక్స్ రిలే పరుగులో స్వర్ణం గెలిచిన లామ్ జోన్స్‌ను పట్టుకుంది. అతని కాళ్ళలో మెరుపుంది. చేతులు మాత్రం ఆశించినంత నమ్మకంగా నిలవలేదు. ఐదు సీజన్లతో అతని ఆట ముగిసింది.

జనం రిసీవర్ పేరు విన్నప్పుడు మిగతా పేర్లకన్నా గట్టిగా స్పందించడానికి కారణం ఆటలోనే ఉంది. బంతిని ముందుకు విసరడం 1906 దాకా నిబంధనలకే విరుద్ధం. చట్టబద్ధమయ్యాక కూడా చాలాకాలం అది అరుదైన సాహసంగానే ఉండిపోయింది. 1978లో ఎన్‌ఎఫ్‌ఎల్ నిబంధనలు సడలించింది. ఐదు గజాలు దాటాక రిసీవర్‌ను డిఫెండర్ నెట్టకూడదంది. క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే లైన్‌మెన్ చేతులు చాచి ఎదుటివాళ్ళను అడ్డుకోవచ్చంది. దాంతో ఆటంతా గాల్లోకి లేచింది. అభిమాని కంటికి అందంగా ఆనేది రిసీవర్ పట్టే క్యాచే. కానీ అతని బతుకు పరాధీనం. లైన్ కాపాడాలి, క్వార్టర్‌బ్యాక్ సరిగ్గా విసరాలి, అప్పుడే అతని చేతికి పని. అందుకే రిసీవర్‌ను ఎంచుకున్న ప్రతిసారీ ఒకే ఇంట్లో అన్నదమ్ములు రెండు పక్షాలుగా చీలిపోతారు. ‘ఇన్నాళ్ళకు బంతి పట్టేవాడు దొరికాడు’ అని ఒకరు. ‘డిఫెన్స్ చిల్లులు పడి ఉంటే ఈ సోకు దేనికి’ అని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

న్యూయార్క్‌లో ఏళ్ళ తరబడి డ్రాఫ్ట్ జరగడంతో జెట్స్ అభిమానులు ఆ హాలును సొంతం చేసుకున్నారు. 1983లో డాన్ మరీనో ఇంకా మిగిలి ఉండగా వాళ్ళ జట్టు కెన్ ఓబ్రైన్ పేరు చదివింది. గ్యాలరీ ఉసూరుమంది. 1995లో జనం వారెన్ శాప్ కావాలని అరుస్తుంటే కైల్ బ్రేడీ పేరు వచ్చింది, ‘బూ’ అని హోరెత్తారు. శాప్, మరీనో తర్వాత ఆ ఆటలో మేటివాళ్ళకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కారు. ఆ రెండుసార్లూ గ్యాలరీదే పైచేయి. 1999లో మాత్రం ఫిలడెల్ఫియాలో ఒక రేడియో కార్యక్రమం పోగుచేసి తీసుకెళ్ళిన అభిమానుల గుంపు, రిక్కీ విలియమ్స్ కావాలని పట్టుబట్టి, డొనోవన్ మెక్‌నాబ్ పేరు వినగానే అరిచి అవమానించింది. తల్లిదండ్రులతో వచ్చిన ఆ కుర్రాడికి జీవితంలో పెద్ద రోజది. అదే మెక్‌నాబ్ ఈగిల్స్‌ను లీగ్ అంతిమ పోరు సూపర్ బౌల్ దాకా తీసుకెళ్ళాడు. ఆ అరుపులను నేను సమర్థించలేను. కానీ అవి ఎక్కడి నుంచి వచ్చాయో అర్థం చేసుకోవాలంటే డెట్రాయిట్‌ను చూడాలి.

డెట్రాయిట్ లయన్స్ చివరిసారి లీగ్ విజేతగా నిలిచింది 1957లో. 2001లో జట్టు పగ్గాలు మాట్ మిలెన్ చేతికొచ్చాయి. 2003 డ్రాఫ్ట్‌లో రెండో వంతున అతను ఎంచుకున్న పేరు చార్ల్స్ రోజర్స్. వైడ్ రిసీవర్. మిషిగన్ రాష్ట్రంలోని సాగినా పట్టణం బిడ్డ, మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆడినవాడు. ఇంటి కుర్రాడు ఇంటి జట్టుకు దక్కాడని ఊరంతా సంబరపడింది. మొదటి ఏడు ఐదు మ్యాచ్‌లు ఆడాక కాలర్ ఎముక విరిగింది. మరుసటి ఏడు మొదటి మ్యాచ్‌లోనే మళ్ళీ అదే ఎముక విరిగింది. మొత్తం 15 మ్యాచ్‌లతో అతని ఆట ముగిసింది. 2019లో, 38 ఏళ్ళకే కన్నుమూశాడు. అతని తర్వాతి వంతున హ్యూస్టన్ తీసుకున్న రిసీవర్ ఆండ్రే జాన్సన్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి రోజర్స్‌ను నిందించడం అన్యాయం. విరిగిన ఎముక అతను కోరుకున్నది కాదు.

2004లో మిలెన్ మళ్ళీ రిసీవర్‌నే తీసుకున్నాడు, రాయ్ విలియమ్స్. 2005లో ఇంకో రిసీవర్, మైక్ విలియమ్స్. అంతకు ముందు ఏడాదంతా న్యాయస్థానం తీర్పు వల్ల ఆటకు దూరంగా ఉన్నవాడు. ఆ వెంటనే డల్లాస్ తీసుకున్న డిఫెండర్ డిమార్కస్ వేర్ తర్వాత హాల్ ఆఫ్ ఫేమర్ అయ్యాడు. మూడేళ్ళు, మూడు మొదటి రౌండ్లు, ముగ్గురు రిసీవర్లు. 2005 సీజన్ ముగిసేసరికి మిలెన్‌ను తొలగించాలని అభిమానులు వీధిలో ఊరేగింపు తీశారు.

ఆ పుండు మానకముందే 2007 ఏప్రిల్ వచ్చింది. రెండో వంతు. లయన్స్ చదివిన పేరు కాల్విన్ జాన్సన్. వైడ్ రిసీవర్. ఐదేళ్ళలో మొదటి రౌండ్లో నాలుగోవాడు. అదే డ్రాఫ్ట్‌లో మైక్ విలియమ్స్‌ను నాలుగో రౌండ్ వంతుకు ఓక్లాండ్‌కు వదిలేసుకున్నారు. ‘మళ్ళీ రిసీవరేనా’ అన్న వేళాకోళం దేశమంతా వినిపించింది. పెదవి విరిచినవాళ్ళు కాల్విన్ ఆట చూసి విరవలేదు. కళాశాలలో అతని ఆట చూసినవాళ్ళెవరికీ అతని శక్తి మీద అనుమానం లేదు. వాళ్ళు రోజర్స్‌ను, ఇద్దరు విలియమ్స్‌లను తలచుకుని విరిచారు. డ్రాఫ్ట్ రాత్రి జనం చేసే ప్రతి చప్పుడూ ఇలాంటిదే. వేదిక మీది కుర్రాడు నిమిత్తమాత్రుడు. గత పదేళ్ళలో తమ జట్టు తమకేం చేసిందో దానికి వాళ్ళు సమాధానం చెబుతారు.

కాల్విన్ 2012లో ఒకే సీజన్లో 1,964 గజాలు పట్టాడు. జెర్రీ రైస్ 1995లో నెలకొల్పిన 1,848 గజాల లెక్క చెరిగిపోయింది. ఆ ఏడు లయన్స్ గెలిచినవి నాలుగే మ్యాచ్‌లు, ఓడినవి పన్నెండు. అంతకు ముందు 2008లోనైతే పదహారుకు పదహారూ ఓడింది. ఆ సీజన్ మధ్యలోనే మిలెన్ పదవి పోయింది. కాల్విన్ ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా గెలవకుండానే 30 ఏళ్ళకు ఆట నుంచి తప్పుకుని, 2021లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. అంటే అతను గొప్పవాడన్న మిలెన్ మాటా నిజమైంది. ఒక్క రిసీవర్‌తో జట్టు నిలబడదన్న అభిమాని భయమూ నిజమైంది.

పండితులు కూడా రిసీవర్ల విషయంలో తరచుగా బోల్తాపడ్డారు. 1985లో అల్ టూన్, ఎడ్డీ బ్రౌన్ వెళ్ళిపోయాక గానీ 16వ వంతున శాన్ ఫ్రాన్సిస్కో జెర్రీ రైస్‌ను తీసుకోలేదు. తాపీ మేస్త్రీ కొడుకు, చిన్న కళాశాల నుంచి వచ్చినవాడు. మొదటి ఏడు బంతులు జారవిడిచి తన జట్టు అభిమానుల చేతే ‘బూ’ అనిపించుకున్న ఆ రైసే 1,549 క్యాచ్‌లతో ఇప్పటికీ అందరికన్నా పైన ఉన్నాడు. 1998లో రాండీ మాస్ 21వ వంతు దాకా జారాడు. అతన్ని కాదనుకున్న జట్లలో డల్లాస్ కౌబాయ్స్ ఒకటి. ఆ ఏడు థాంక్స్‌గివింగ్ రోజున మిన్నెసోటా వైకింగ్స్ తరఫున డల్లాస్‌లోనే ఆడి, పట్టిన మూడు బంతులనూ టచ్‌డౌన్లు చేశాడు. ఇవాళ కౌబాయ్స్ కేంద్ర కార్యాలయం ఉన్న ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. పొరుగున పాత కౌబాయ్స్ అభిమాని ఉంటే మాస్ పేరెత్తి చూడండి. 2020లో ఫిలడెల్ఫియా వంతు వచ్చింది. 21వ వంతున జేలన్ రేగర్‌ను తీసుకుంటే, 22వ వంతున వైకింగ్స్‌కు జస్టిన్ జెఫర్సన్ దక్కాడు. మరుసటి ఏడు ఈగిల్స్ పైకి జరిగి డెవాంటా స్మిత్‌ను అందుకుంది. 2025 ఫిబ్రవరి సూపర్ బౌల్లో స్మిత్ 46 గజాల టచ్‌డౌన్ పట్టాకే ఆ ఊరి మంట చల్లారింది.

2015 నుంచి డ్రాఫ్ట్ న్యూయార్క్ విడిచి ఊరూరా తిరుగుతోంది. కరోనా ఏడు కమిషనర్ రోజర్ గుడెల్ తన ఇంటి నేలమాళిగ నుంచే పేర్లు చదివాడు. 2024లో డెట్రాయిట్‌లో మూడు రోజుల్లో ఏడు లక్షలకు పైగా జనం వచ్చారు. మరుసటి ఏడు ఆ వంతు లక్ష పైచిలుకు జనాభా ఉన్న గ్రీన్ బేకు దక్కింది.

ఆ ఊరి జట్టుకు కోటీశ్వరుడైన యజమాని లేడు. 1923 నుంచి విడతలుగా వాటాలు అమ్ముకుంటూ బతికిన జట్టది. ఇవాళ దానికి ఐదు లక్షలకు పైగా వాటాదారులున్నారు. లాభం పంచరు, వాటాను లాభానికి అమ్ముకునే వీలూ లేదు. అలాంటి అభిమానులు 2002లో జావన్ వాకర్ తర్వాత మొదటి రౌండ్లో రిసీవర్‌ను చూడలేదు. నిజానికి ప్యాకర్స్‌కు రిసీవర్ల లోటేమీ లేదు. గ్రెగ్ జెన్నింగ్స్, జోర్డీ నెల్సన్, రాండల్ కాబ్, డవాంటే ఆడమ్స్ నలుగురూ రెండో రౌండ్లో దొరికినవాళ్ళే. అయినా కొరత కొరతే. 2020లో తమ క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రోడ్జర్స్‌కు తోడుగా రిసీవర్‌ను ఇస్తారని చూస్తుంటే, జట్టు ముందుకు జరిగి మరీ జోర్డన్ లవ్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకుంది. 2022లో ఆడమ్స్‌ను లాస్ వేగస్‌కు ఇచ్చేశాక కూడా మొదటి రౌండ్లో ఉన్న రెండు వంతులనూ డిఫెండర్లకే వాడింది.

2025 ఏప్రిల్ 24 రాత్రి, ప్యాకర్స్ మైదానం లాంబో ఫీల్డ్ బయటి వేదిక మీదికి 23వ వంతు ప్రకటించడానికి పదవీ విరమణకు సిద్ధంగా ఉన్న జట్టు అధ్యక్షుడు మార్క్ మర్ఫీ వచ్చాడు. టెక్సస్ విశ్వవిద్యాలయం రిసీవర్ మాథ్యూ గోల్డెన్ పేరు చదివాడు. జనం భూమి దద్దరిల్లేలా అరిచారు. ఇరవై మూడేళ్ళుగా ఏ ఏప్రిల్‌కు ఆ ఏప్రిల్ వాయిదాపడ్డ కేక అది. మర్నాడు మూడో రౌండ్లో సావియన్ విలియమ్స్ అనే మరో రిసీవర్‌నూ తీసుకున్నారు. వాళ్ళిద్దరికీ బంతి విసరాల్సినవాడు, 2020లో ఆ ఊరు వద్దనుకున్న జోర్డన్ లవ్.