మంజీరా నదీజలాలు – బాన్సువాడ ప్రాంతం

కామారెడ్డి జిల్లా బాన్సువాడ ప్రాంత వ్యవసాయానికి ప్రాణాధారమైన మంజీరా, గోదావరి ఉపనది. మహారాష్ట్ర బీడ్ జిల్లాలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటకలోని బీదర్ మీదుగా తెలంగాణలో ప్రవేశిస్తుంది. నిజామాబాద్ జిల్లా కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. మూడు రాష్ట్రాలు పంచుకునే ఈ నదిలో పై రాష్ట్రాలు ఎంత ఆపితే కింద అంత కొరత.

బాన్సువాడకు చేరువలో మంజీరాపై నిజాంసాగర్ జలాశయాన్ని 1923–31 మధ్య హైదరాబాద్ సంస్థానం నిర్మించింది. పర్యవేక్షించినవారు చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. దీని కాలువల కిందే బాన్సువాడ, బోధన్ మాగాణులు వరి, చెరకులతో పచ్చబడ్డాయి. అయితే ఎగువ నుంచి కొట్టుకొచ్చే మట్టి జలాశయాన్ని పూడ్చుకుంటూ వచ్చింది. గేట్ల ఎత్తు పెంచాక కూడా నేటి సామర్థ్యం సుమారు 17.8 టీఎంసీలే. కొండవాలుల్లో నేల కోత ఆగనిదే దిగువన పూడిక తగ్గదు. ఈ సంగతి వాటాల చర్చల్లో తరచూ మరుగున పడుతుంది.

1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ 1980లో మంజీరా సహా గోదావరి జలాలపై తుది తీర్పు ఇచ్చింది. రాష్ట్రాల మధ్య ఒప్పందాలే దానికి పునాది. వాటాల పోటీ రాష్ట్రం లోపలా ఉంది. నిజాంసాగర్‌కు ఎగువన, మంజీరాపైనే ఉన్న సుమారు 30 టీఎంసీల సింగూరు జలాశయం హైదరాబాద్ తాగునీటికీ ఆధారమైంది. అందుకే నగరం దాహానికీ ఆయకట్టు రైతు నాటుకూ మధ్య పోటీ.

సింగూరుకు దిగువన సంగారెడ్డి జిల్లాలో 1978లో ప్రకటించిన మంజీరా వన్యప్రాణి అభయారణ్యం మొసళ్లకు, వలస పక్షులకు నెలవు. వాటికీ నదిలో ఏడాది పొడవునా కొంత నీరు నిలవాలి.