మంచును తట్టుకునే తాటి చుట్టం కథ

మన తాటిచెట్టు ఎంత మొండిదో మీకు చెప్పక్కర్లేదు. ఎంత ఎండనైనా, ఎంత గాలివాననైనా ఓర్చుకుంటుంది. గడ్డకట్టే చలికి మాత్రం తట్టుకోలేదు. అలాంటి విసనకర్ర ఆకులే ఉన్న చుట్టం ఒకటుంది. నెత్తిన మంచు పడినా, చలి సున్నాకి పది పదిహేను డిగ్రీలు కిందికి దిగినా బతుకుతుంది. దాని శాస్త్రీయ నామం ట్రాకికార్పస్ ఫార్చ్యూనీ.

ఇది చైనా రైతుల చెట్టు. మాను చుట్టూ వల అల్లినట్టు గోధుమరంగు పీచు ఉంటుంది. చెట్టు కొట్టకుండానే ఆ పీచు ఒలిచి తాళ్లు, చీపుళ్లు, వానకి కప్పుకునే పైబట్టలు చేసుకునేవాళ్లు. మన పెద్దలు తాటాకు గిడుగు వేసుకుని నాట్లేసినట్టే అనుకోండి. అందుకే అక్కడ ఇళ్ల పక్కన తరతరాలుగా పెంచారు.

1830లో సీబోల్డ్ అనే ఆయన దీని విత్తనాలు జపాన్ నుంచి యూరప్‌కి పంపాడు. తర్వాత రాబర్ట్ ఫార్చ్యూన్ చైనాలోని చూసాన్ దీవిలో దీన్ని చూసి, 1849లో లండన్ దగ్గరి క్యూ తోటకి మొక్కలు పంపాడు. ఇంగ్లండు చలికి అవి తట్టుకున్నాయి. విక్టోరియా రాణి ఆస్బోర్న్ తోటలోకీ చేరాయి. చెట్టుకి ఆయన పేరే పెట్టారు. ఈస్టిండియా కంపెనీ కోసం చైనా నుంచి టీ మొక్కలు రహస్యంగా మన హిమాలయ తోటలకు చేర్చింది కూడా ఈయనే.

ఇప్పుడు మన దేశంలోకి రండి. ఉత్తరాఖండ్‌లో పిథోరాగఢ్ దగ్గర థల్ కేదార్ కొండల్లో దీని తోబుట్టువు ఉంది. పేరు ట్రాకికార్పస్ టకిల్. 1905లో ఇటలీ శాస్త్రవేత్త బెక్కారి దీన్ని వేరే జాతిగా వర్ణించాడు. చలికాలంలో మంచు పడే ఎత్తులో పుట్టిన చెట్టు ఇది. పీచు కోసం, ఆకుల కోసం జనం వాడుకున్నారు, అడవీ తరిగింది. ఇప్పుడు అడవిలో చాలా అరుదు.

రెండు చెట్లూ చుట్టాలే, రెండింటి పీచూ పనికొచ్చేదే. ఒకదాన్ని ఇంటి దగ్గర నాటి పెంచారు కాబట్టి దేశాలు దాటి వెళ్లింది. రెండోదాన్ని ఎక్కువగా అడవి నుంచే తీసుకున్నారు, అది కరువైంది.

చలి ప్రాంతాల్లో ఉన్న మనవాళ్లెవరైనా పెరట్లో పెంచాలనుకుంటే నీళ్లు నిలవని నేల చూడండి. గాలి బాగా కొట్టే చోటయితే ఆకులు చీలిపోతాయి. మన తాటిలాగే పోతు, పెంటి వేరువేరు చెట్లు, విత్తనం కావాలంటే రెండూ ఉండాలి. మన మైదానాల ఎండకి మాత్రం ఇది సుఖపడదు, దాని కోసం డబ్బు తగలేయకండి.

మనకి మన తాడే ఉంది. దాన్ని ఎవరూ నాటరు, దానంతటదే మొలుస్తుందని అందరి ధీమా. కొట్టడం మాత్రం ఆగలేదు. కాపుకి రావాలంటే 12 ఏళ్ల పైనే పడుతుంది కాబట్టి పోయిన చెట్టు లోటు వెంటనే తీరదు. ఈ ఏడు పండ్లు రాలినప్పుడు టెంకలన్నీ తేగలకే పాతరెయ్యకండి. ఓ పది తీసి మీ గట్టు మీద పెట్టండి.